వాన ఎరగనిది

రెండుసార్లు తలంటుకుంటే గానీ నన్ను లోపలికి రానివ్వరు.
సబ్బుకి కూడా వాసన ఉండకూడదు.
ఇన్వర్‌కార్గిల్ ఊరి చివర, గాలిని సైతం వడపోసే షెడ్డులో
నూట పద్దెనిమిది పందులకి నేను కాపరిని.
మట్టి తెలీదు వాటికి.
బురదలో పొర్లని పందిని చూసి ఉంటే
మా నాన్న పగలబడి నవ్వేవాడు.

వీటి ముత్తవ్వల్ని నావికులెవరో
దక్షిణాన, మనిషి నిలవలేని దీవిలో వదిలి వెళ్లారట,
ఎప్పుడైనా ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడికి
తినడానికి ఏదో ఒకటి ఉండాలని.
కొట్టుకొచ్చినవాళ్లు తక్కువ.
పందులు మాత్రం నాచు తిని, చలిగాలిలో ఈని,
లోకం రోగాలకు దూరంగా మిగిలిపోయాయి.
ఏ అంటూ సోకలేదు కనకే
ఇప్పుడు వీటి కోసం ఇంత గొడవ.

నలభై ఒకటికి పేరు పెట్టకూడదు. పెట్టలేదు.
కానీ అది నా బూటు చప్పుడు గుర్తుపట్టేది.
నాకు వాసనే లేదు కదా, ఇంక దేన్ని పట్టుకుంటుంది!

జులైలో డాక్టర్ ఫెనెల్లా దాని మెడలోంచి
గోరంత థైమస్ కోసి తీసి
దాని కిడ్నీ పొర కిందే నాటింది.
ఎందుకన్నాను.
"అది బడి, హుహానా" అంది చేతులు కడుక్కుంటూ.
రక్తంలో కాపలాకి వెళ్లే కణాలు
పసితనంలో అక్కడ కూర్చోవాల్సిందేనట.
ఒక్కటే పాఠం: వీళ్లు మనవాళ్లు.
మనవాళ్ల మీద కత్తి దూసినవాడు
ఆ గడప దాటడు.
అక్కడే, అలికిడి లేకుండా, చచ్చిపోతాడు.

"మందులతో కాపలావాళ్ల కళ్లకి గంతలు కట్టొచ్చు,
ఇన్నాళ్లూ చేసిందదే.
కళ్లు మూసుకున్న ఊరికి దొంగలందరూ వస్తారు,
పడిశం కూడా ప్రాణం తీస్తుంది.
అందుకే కిడ్నీతో పాటు బడినీ పంపుతున్నాం.
అతని పిల్లలు మన పంతులమ్మ దగ్గర చదువుకుంటారు."

మన పంతులమ్మ మత్తులో కాలు విదిలించింది.

నేనేమీ అనలేదు.
పరాయిని మనవాళ్లనుకోమని నేర్పే బడి
మా ఇంట్లో కొత్త కాదు.
మావోరీలో నీళ్లడిగినందుకు పడిన దెబ్బ
మా అమ్మమ్మ అరచేతిలో
ఆయుష్షు గీత పక్కన ఇంకో గీతై ఉండేది.
ఆ తర్వాత ఆమె నిద్రలో కూడా
ఇంగ్లీషులోనే కలవరించింది.
ఓర్పు అంటారు దాన్ని, ఈ డాక్టర్లు కూడా ఆ మాటే వాడతారు.
ఎవరు ఓర్చుకున్నారని ఎవరూ రాసుకోరు.

సెప్టెంబరులో తీసుకెళ్లారు.
తలుపు నేనే తీశాను.
బూటు చప్పుడు విని లేచి నిలబడింది, అంతే.

ఏడాదిన్నరకి, బ్లఫ్ రేవులో,
పేపర్లో ఫొటో చూశాను కాబట్టి పోల్చుకున్నాను:
టోర్క్విల్ మకాస్కిల్, ఆల్చిప్పల పడవ సరంగు.
మూడేళ్లు డయాలిసిస్ యంత్రానికి లంగరేసిన మనిషి
ఇప్పుడు చిప్ప సందులో కత్తి దూర్చి
మణికట్టు ఒక్క తిప్పు తిప్పుతున్నాడు.
మాత్రలు రోజుకి ఒకటికి దిగాయట.
అదీ ఆపుతారో లేదో ఇంకా ఎవరూ చెప్పడం లేదు.

ఓడ మునిగినవాడి కోసమే కదా మొదట వదిలింది
అనుకున్నాను క్యూలో నిలబడి.

నేనెవరో చెప్పలేదు. డజను అడిగాను.
చిల్లర లెక్కపెడుతుంటే నోరు జారాను,
"నొప్పి ఉంటుందా?"
ఊళ్లో అందరూ అడిగేదే కాబోలు, తల కూడా ఎత్తలేదు.
తడి చెయ్యి ఆప్రాన్‌కి తుడుచుకుని
పొత్తికడుపు మీద కుడివైపు ఆనించి
నైరుతి మబ్బు వంక చూశాడు.

"లేదు.
వాన ముందు మాత్రం కొంచెం లాగుతుంది."

వాన ముందు.

మా షెడ్డు కప్పుకి రెండు పొరలు,
చినుకు చప్పుడు కూడా లోపలికి రానివ్వం మేం.
దానికి వాన సంగతి ఎవరు చెప్పారో!